కరివేపాకు అంటే ఏంటి?

పెద్దమ్మ పప్పు దించి పోపు గిన్నె పెట్టింది. ఆవాలు చిటపటలాడుతున్నాయి. "అమ్మా, కరివేపాకు వెయ్యవే" అంది అక్క పక్కనుంచి. పెద్దమ్మ చేతిలో గరిటెతోనే వెనక్కి తిరిగి, "కరివేపాకు అంటే ఏంటే?" అని అడిగింది.

వేళాకోళం అనుకుని అక్క నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. రెమ్మ తెచ్చి చేతికిస్తే మాత్రం మామూలుగా దూసి నూనెలో వేసేసింది. ఆకు తెలుసు, వాసన తెలుసు, ఎప్పుడు వెయ్యాలో తెలుసు. పేరే తెలియలేదు. అంటే మాట నాలుక మీద ఆడుతూ బయటికి రాకపోవడం కాదు. ఎదుటివాళ్లు చెప్పినా ఆమెకి అదేదో కొత్త మాట విన్నట్టే ఉంది.

అప్పటికి పెద్దమ్మకి 61. ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. చెవుడన్నారు, థైరాయిడ్ అన్నారు, కూతురి కాన్పు టెన్షన్ అన్నారు. ఒక డాక్టరు గారు "వయసమ్మా, బలానికి మాత్రలు రాస్తాను" అని పంపేశారు. అలా ఏడాదిన్నర పోయింది. చివరికి ఒక న్యూరాలజిస్టు ఎమ్మారై తీయించి, ఎడమ కణత లోపలివైపు మెదడు కొస కుంచించుకుపోయిందని చూపించారు. జబ్బు పేరు ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా. దీన్ని ఆపే మందు లేదు, స్పీచ్ థెరపీకి వెళ్లండి అన్నారు.

బయటికొచ్చాక పెదనాన్న ఒక్క మాటే అడిగారు. "ఎలాగూ పోయే మాటలే కదా. నేర్పించి ఏం లాభం?"

ఆయన్ని తప్పు పట్టలేం. చాలాకాలం వైద్యులే అలా అనుకున్నారు.

మెదడు దెబ్బతిని మాట పోవడాన్ని అఫేజియా అంటారు. మనకి తెలిసిందల్లా పక్షవాతంతో వచ్చేది. రాత్రి బాగానే పడుకున్న మనిషికి తెల్లారేసరికి మాట పడిపోతుంది. తర్వాత నెలల తరబడి సాధన చేస్తే కొంత తిరిగొస్తుంది, ఎందుకంటే దెబ్బ తగలని భాగాలు కొంత పని అందుకుంటాయి. ఈ చికిత్స అంతా అలాంటి వాళ్ల చుట్టూనే పెరిగింది. నిన్నటికంటే ఇవాళ మెరుగవ్వాలి, అదే దాని లెక్క. పెద్దమ్మకి వచ్చినదాని నడక పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు, ఆ తర్వాత మాట తగ్గడమే తప్ప పెరగడం ఉండదు.

ప్రాగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు ఇలాంటి రోగి గురించి 1892లోనే రాశాడు. తర్వాత తొంభై ఏళ్లు ఇది మతిమరుపు జబ్బుల మూటలోనే కలిసిపోయింది. 1982లో మార్సెల్ మెసులామ్ అనే న్యూరాలజిస్టు ఆరుగురి వివరాలు ప్రచురించాడు. వాళ్లకి ఏళ్ల తరబడి మాట అరిగిపోతూ వచ్చింది. జ్ఞాపకం, వివేకం, రోజువారీ పనులు మాత్రం చాలాకాలం చెక్కుచెదరలేదు. అప్పుడుగానీ దీన్ని విడిగా చూడటం మొదలవలేదు. ఎక్కువగా 50, 60ల్లో పట్టుకుంటుంది. ఉద్యోగంలో ఉండగానే వస్తుంది కాబట్టి, "ఈయనకి పని మీద ధ్యాస లేదు" అన్న మాట పడ్డాకే చాలామందికి జబ్బు బయటపడుతుంది. హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్ కుటుంబం 2022 మార్చిలో ఆయనకి అఫేజియా అని, 2023 ఫిబ్రవరిలో అది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (మెదడు ముందు, కణత భాగాలు క్షీణించే జబ్బు) అని చెప్పింది. అప్పటినుంచి ఈ మాట కొంచెం జనంలోకి వచ్చింది.

2011లో నిపుణులు కుదుర్చుకున్న లెక్క ప్రకారం ఇందులో మూడు రకాలు. పెద్దమ్మది అర్థం పోయే రకం. మాట గలగలా వస్తూనే ఉంటుంది గానీ, ఒక్కొక్క పదం వెనక ఉన్న అర్థం ఖాళీ అయిపోతుంటుంది. ముందు అరుదుగా వాడే పేర్లు, తర్వాత రోజూ వాడేవి. పుచ్చకాయ "కాయ" అవుతుంది, ఆ తర్వాత "అది" అవుతుంది. ఈ రకాన్ని పట్టుకోడానికి ఇంగ్లిష్ వాళ్లకి ఒక సులువు ఉంది. రాసేది ఒకటి, పలికేది ఒకటిగా ఉండే మాటలు చదివిస్తారు. అర్థం పోయినవాళ్లు 'యాట్' అని పలకాల్సిన మాటని ఉన్న అక్షరాలన్నీ కలిపి 'యాచ్ట్' అంటారు. మన లిపిలో దాదాపుగా రాసిందే పలుకుతాం. కాబట్టి పెద్దమ్మ పేపరు మొదటి పేజీ తడబడకుండా చదివేసేది. "చక్కగా చదువుతోందిగా, ఇంకేం జబ్బు?" అని మేము మరో ఆరు నెలలు పోగొట్టుకున్నాం.

రెండో రకంలో అర్థం భద్రంగా ఉంటుంది, వాక్యం విరుగుతుంది. నోటి కండరాలు బాగానే ఉన్నా, వాటికి మెదడు ఇచ్చే ఆజ్ఞలు తారుమారవుతాయి. 'ఉపాధ్యాయుడు' అనమంటే ప్రతిసారీ ఒక్కో చోట కాలు జారుతుంది. ఇంగ్లిష్‌లో అయితే చిన్న చిన్న మాటలు రాలిపోతాయి. మనకి ఆ పనంతా మాట చివర్లు చేస్తాయి కదా: వెళ్తాను, వెళ్తాడు, వెళ్తారు. ఆ తోక నలిగిపోయినా, ఒకదానికి బదులు ఇంకొకటి తగులుకున్నా ఎవరు వెళ్లారో వినేవాళ్లకి అర్థం కాదు.

మూడో రకంలో మాట తట్టదు, ఆగిపోతుంటారు, విన్న పొడుగాటి వాక్యాన్ని తిరిగి చెప్పలేరు. చెవిన పడ్డ మాటల్ని రెండు క్షణాలు పట్టి ఉంచే చిన్న అర ఒకటి మెదడులో ఉంటుంది, దానికి చిల్లు పడుతుంది. ఫోన్‌కి వచ్చిన ఓటీపీ ఆరంకెలు చదివి, తల తిప్పి కంప్యూటర్లో కొట్టేలోపు నాలుగంకెలు మాయం. ఈ రకం వెనక చాలాసార్లు అల్జీమర్స్ జబ్బే ఉంటుంది.

ఇక పెదనాన్న ప్రశ్న.

ఇంగ్లండ్‌లో డీఎం అనే పొడి అక్షరాలతో పరిశోధకులు రాసిన ఒక రోగి ఉన్నాడు. ఆయనది పెద్దమ్మ రకమే. పోతున్న మాటల జాబితాలు రాసుకుని రోజూ వల్లె వేసేవాడు. ఆ మాటలు నిజంగానే తిరిగొచ్చాయి. పరిశోధకులు కొన్నాళ్లు ఆపమన్నారు. ఆపగానే జారిపోయాయి. 1999లో అచ్చయిన ఈ కథని రెండు రకాలుగా చదవొచ్చు. "చూశారా, నిలవలేదు" అనొచ్చు. నేను మాత్రం "రోజూ నీళ్లు పోసినంతకాలం మొక్క బతికే ఉంది" అని చదువుకుంటాను. బీపీ మాత్ర కూడా ఆపితే పని చెయ్యదు, దాన్ని ఎవరూ దండగ అనరు.

ఆ తర్వాత చేసిన పనుల్లో ఇంకో సంగతి తేలింది. పూర్తిగా అర్థం పోయిన మాటని మళ్లీ తెచ్చుకోవడం కంటే, సగం తెలిసి సగం జారుతున్న మాటని పట్టి ఉంచడం తేలిక. అంటే ఈ చికిత్స మొదలెట్టాల్సింది మాట పోయాక కాదు, పోబోతున్నప్పుడు. మేము పోగొట్టుకున్న ఏడాదిన్నర విలువ అప్పుడు తెలిసింది.

మా ఊరి స్పీచ్ థెరపిస్టు బోర్డు మీద 'మాటలు రాని పిల్లలకు' అని ఉంటుంది. నత్తి పిల్లలు, వినికిడి మిషన్లు పెట్టుకున్న పిల్లలు బొమ్మలతో ఆడుకుంటుంటే, వాళ్ల మధ్య చిన్న ప్లాస్టిక్ కుర్చీలో పెదనాన్న మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చునేవారు. థెరపిస్టు అమ్మాయి మొదట పిల్లల బొమ్మల కార్డులే తీసింది. ఏనుగు, ఓడ, విమానం. పెద్దమ్మ ఏనుగు కార్డు పక్కకి నెట్టేసి, "ఇది నాకెందుకు?" అంది. అమ్మాయి కాసేపు ఆలోచించి కార్డులు డబ్బాలో సర్దేసింది. "మీకు కావలసిన మాటలేంటో మీరే చెప్పండి, ఇంటికెళ్లి ఫోటోలు తీసుకు రండి" అంది. ఆమె చదివిన చదువుకి అదే అసలైన గుర్తు అని నాకు తర్వాత అర్థమైంది.

ఈ రకం రోగుల్లో నేర్చుకున్నది బిగుసుకుపోయి ఉంటుంది. ఒక గరిటె చూపించి నేర్పితే ఆ గరిటె పేరే వస్తుంది, పక్కింటి గరిటె మళ్లీ కొత్తదే. అందుకే ఇంటర్నెట్ బొమ్మలు పనికిరావు. సొంత వంటింట్లో, సొంత అలమరలో ఉన్న సామాన్ల ఫోటోలే కావాలి. పేరూ ఇంట్లో వాడేదే ఉండాలి. మా వైపు సొరకాయ, ఇంకొందరికి ఆనపకాయ. ఆ సంగతి చూసుకోకపోతే ఉన్న మాట కూడా పోయిందని లెక్క రాస్తారు.

ఇంకో నియమం, ఊహించనివ్వకూడదు. "చెప్పు, చెప్పు, మొదటి అక్షరం గ..." అని వెంటపడితే నోటికొచ్చిన తప్పు మాటే బొమ్మకి అతుక్కుపోతుంది. ఫోటో, కింద పేరు, పక్కన ఇంట్లో వాళ్ల గొంతు. చూడాలి, వినాలి, అనాలి, అంతే.

మూడో రకం వాళ్లకి మటుకు దీనికి భిన్నం. వాళ్లకి అర్థం ఉంది కాబట్టి మాట తట్టనప్పుడు దాని చుట్టూ తిరిగి రమ్మంటారు. దేనికి వాడతాం? ఎక్కడ దొరుకుతుంది? ఏ అక్షరంతో మొదలవుతుంది? అలా తడుముకుంటూ వెళ్తే చాలాసార్లు మాట చేతికి తగులుతుంది.

రెండో రకం వాళ్ల కోసం అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో మాయా హెన్రీ బృందం చేసింది నాకు బాగా నచ్చింది. రోగి తన జీవితానికి పనికొచ్చే చిన్న ప్రసంగాలు రాయించుకుంటాడు. మనవళ్ల గురించి ఒకటి, ఉద్యోగం గురించి ఒకటి, ఇలా. తర్వాత ఆ ప్రసంగం చెబుతున్న మనిషి నోటిని వీడియోలో దగ్గరగా చూస్తూ, భజనలో గొంతు కలిపినట్టు అతనితో పాటే పలుకుతాడు. ఒంటరిగా కదలని నాలుక జోడు దొరికితే కదులుతుంది. 2018లో పదిమంది మీద చేసిన ఫలితాలు అచ్చయ్యాయి. సాధన చేసిన ప్రసంగాలు ఏడాది దాకా కూడా నిలిచాయి. జబ్బు ముదురుతుండగా నిలిచాయన్నది గుర్తుంచుకోవాలి.

మన దగ్గర అసలు జబ్బు కనిపెట్టడానికే మన భాషలో పరీక్ష ఉండాలి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక మెదడు పరీక్షని తెలుగుకి, హిందీకి మలిచి వాడింది. 2013లో ఆ బృందమే 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని చెప్పింది. ఆ వార్త పేపర్లన్నీ రాశాయి. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఇంకో ఫలితాన్ని అంతగా ఎవరూ పట్టించుకోలేదు. ఫ్రంటోటెంపోరల్ జబ్బుల్లో ప్రవర్తన మారిపోయే రకానికి రెండో భాష అడ్డుపడింది గానీ, మాట పోయే రకానికి అడ్డుపడలేదట. మాటని కాపాడటానికి ఇంకో మాట చాలలేదన్నమాట.

సాధన కంటే కష్టమైన చికిత్స ఇంకోటుంది. అది రోగికి కాదు, మనకి. లండన్‌లో అన్నా వోల్క్‌మర్ అనే థెరపిస్టు భార్యాభర్తలు ఇంట్లో మామూలుగా మాట్లాడుకునేది వీడియో తీయించి, దాన్ని వాళ్లకే చూపిస్తుంది. ఎక్కడ మాట తెగింది, ఎక్కడ అతుక్కుంది, వాళ్లే కనిపెట్టాలి. అలాంటి వీడియో మా ఇంట్లో తీస్తే మొదట దొరికేది ఒకటే. వచ్చిన ప్రతి చుట్టమూ గుమ్మంలోనే అడిగేవాళ్లు: "నేనెవరో చెప్పు చూద్దాం?" ప్రేమతోనే. పెద్దమ్మ మొహం చూస్తే మాత్రం పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లలా ఉండేది. మనుషుల్ని గుర్తుపట్టేది, పేరు రాక తలదించుకునేది. కొన్నాళ్లకి ఎవరైనా వస్తే పెరట్లోకి వెళ్లిపోవడం మొదలెట్టింది. అప్పుడు అక్క కచ్చితంగా చెప్పేసింది. వచ్చినవాళ్లు ముందే "నేను వదినా, మంగళగిరి నుంచి" అనాలి. ప్రశ్నలు వద్దు. తను ఏదైనా చూపిస్తే, "ఇదా, కాఫీ గ్లాసా?" అని మనమే మాట అందించాలి. పదిమంది ఒకేసారి మాట్లాడకూడదు. మా ఇంట్లో చివరిది మాత్రం ఇప్పటికీ అమలు కాలేదు.

ముందుచూపుతో చేసుకోవాల్సినవీ ఉన్నాయి. గొంతు ఉండగానే రికార్డు చేసుకుంటే, తర్వాత ఫోన్ ఆ గొంతుతోనే మాట్లాడగలదు. పర్సులో 'నాకు మాట కష్టం, కాస్త ఆగండి' అని రాసిన కార్డు ఉంటే బ్యాంకులో విసుక్కునేవాళ్లు తగ్గుతారు. ఆస్తి కాగితాలు, నామినీలు కూడా మనిషి తన ఇష్టం చెప్పగలిగినప్పుడే తేల్చుకోవాలి.

పెదనాన్న తర్వాత ఆ ప్రశ్న మళ్లీ వెయ్యలేదు. ఫోన్‌లో 42 ఫోటోలకి తన గొంతే పెట్టారు. అంతవరకు మెంతులకీ ఆవాలకీ తేడా తెలియని మనిషి. కరివేపాకు దగ్గర రికార్డింగులో కుక్కర్ విజిల్ కూడా పడింది. రోజూ కాఫీ అయ్యాక అరగంట ఇద్దరూ అరుగు మీద కూర్చునేవాళ్లు. ఫోన్‌లో ఫోటో చూపిస్తే పెద్దమ్మ టక్కున "కరివేపాకు" అనేది. రైతుబజార్లో కట్ట చూపిస్తే ఆయన మొహంలోకి చూసేది.

మూడు నెలలకోసారి జాబితా తిరగరాస్తారు. ఏది పట్టి ఉంచాలి, దేన్ని పోనివ్వాలి అని. మొన్న సంక్రాంతికి వెళ్లేసరికి 19 మిగిలాయి. మనవడి ముద్దుపేరు ఉంది, బీపీ మాత్ర ఉంది, బాత్రూం ఉంది. కరివేపాకు మీద పెన్నుతో అడ్డంగా గీత. వంటిల్లు ఇప్పుడు పెదనాన్నది. ఎవరు కొట్టేశారని అడిగితే, పెద్దమ్మ నవ్వుతూ తన గుండె మీద వేలు పెట్టుకుంది.