క్రైమ్ నవలల్లో కుక్కలు: అపోహలు - వాస్తవాలు

క్రైమ్ నవలలు రాయడం నా వృత్తి. కుక్కలంటే ప్రాణం. నవలలో కుక్క కనిపించిందంటే చాలు, పాఠకుల నుంచీ కొత్తగా రాస్తున్నవాళ్ల నుంచీ ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు వస్తాయి. వాటి వెనక ఉన్న నమ్మకాలు చాలావరకు సినిమాల నుంచి, పాత డిటెక్టివ్ కథల నుంచి వచ్చినవి. కుక్కను కొందరు యంత్రం అనుకుంటారు, కొందరు దేవత అనుకుంటారు. అది ప్రాణి. దానికి అలసట ఉంది, భయం ఉంది, తన మనిషిని మెప్పించాలన్న తపన ఉంది. రాసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతే కుక్కతో పాటు నేర పరిశోధన కూడా తప్పుల తడకగా తయారవుతుంది.

అపోహ: హంతకుడు వదిలేసిన చెప్పు వాసన చూపిస్తే జాగిలం తిన్నగా వాడి గుమ్మం ముందుకు తీసుకెళ్తుంది.

వాస్తవం: ముక్కు గొప్పదే, అందులో అనుమానం లేదు. వాసనను గుర్తించే గ్రాహకాలు మనిషికి 50, 60 లక్షల దాకా ఉంటాయని అంచనా. వాసన పట్టడంలో పేరుమోసిన బ్లడ్‌హౌండ్ జాతి కుక్కకు అవి 30 కోట్ల దాకా ఉంటాయంటారు. కుక్క ముక్కు రంధ్రాలకు పక్కల చీలికలు ఉంటాయి. వదిలిన గాలి వాటిలోంచి పక్కకు పోతుంది కాబట్టి ఎదుటి నుంచి వచ్చే వాసన చెదిరిపోదు.

అయితే ఆ ముక్కుకు అందాల్సింది నేల మీద మిగిలి ఉండాలి కదా. మన ఒంటి నుంచి నిమిషానికి వేల సంఖ్యలో చర్మపు పొలుసులు రాలుతుంటాయి. వాటి మీద బ్యాక్టీరియా పని చేయడం వల్ల పుట్టే వాసన, చెమట వాసన, నలిగిన గడ్డి వాసన, ఇవన్నీ కలిస్తేనే జాడ. చల్లగా, తేమగా ఉన్న నేల మీద అది నిలుస్తుంది. ఎండకు, పొడిగాలికి పలచబడుతుంది. గాలికి కొట్టుకుపోయి గోడ వారన, గుంటల్లో, పొదల మొదట్లో పోగుపడుతుంది. అందుకే అనుభవం ఉన్న జాగిలం కూడా మనిషి నడిచిన దారికి కొంచెం పక్కగా వెళ్తూ ఉంటుంది. మనిషి వాహనం ఎక్కిన చోట జాడ చాలాసార్లు తెగిపోతుంది.

1888లో లండన్‌లో వైట్‌చాపెల్ హత్యలు (జాక్ ద రిప్పర్ పేరుతో ప్రసిద్ధమైనవి) జరుగుతున్నప్పుడు పోలీసు కమిషనర్ సర్ చార్లెస్ వారెన్ బార్నబీ, బర్గో అనే రెండు బ్లడ్‌హౌండ్‌లను పార్కుల్లో పరీక్షింపజేశారు. పార్కులో బాగానే వెంబడించాయి కానీ వాటితో హంతకుణ్ణి వెతికించడం జరగనే లేదు. జనం తొక్కి తొక్కి వదిలిన నగర వీధి వేరు, పొద్దున్నే మంచు పడిన పార్కు వేరు.

రచయితగా నాకు ఈ పరిమితులే ఎక్కువ ఇష్టం. ఆ చెప్పును అందరికంటే ముందు ఎవరు ముట్టుకున్నారు? దేనిలో పెట్టి తెచ్చారు? జాగిలం వచ్చేలోపు ఆ గదిలో ఎంతమంది తిరిగారు? జాడ ఒక గుమ్మం దగ్గర ఆగిందే అనుకుందాం. ఆ మనిషి అక్కడికి వచ్చాడని తెలుస్తుంది, అంతే. ఎందుకు వచ్చాడో, చంపాడో లేదో కుక్కకు తెలియదు. ఆ పైన తేల్చాల్సింది మనుషులే.

అపోహ: ఒకే పోలీసు కుక్క దొంగను, బాంబును, మత్తుమందును, శవాన్ని, అన్నిటినీ పట్టేస్తుంది.

వాస్తవం: మామూలుగా వేటికి వాటికి వేర్వేరు శిక్షణ ఉంటుంది. పేలుడు పదార్థాలు వెతికే జాగిలం వాసన తగలగానే కదలకుండా కూర్చోవాలి. గోళ్లతో గీకిందంటే ప్రమాదం. శవాలను పసిగట్టే జాగిలాలకు కుళ్లే దేహం వాసన మీద శిక్షణ ఇస్తారు. నీళ్ల అడుగున ఉన్న శవం వాసన కూడా పైకి వస్తుంది కాబట్టి వాటిని పడవ మీద తీసుకెళ్లి వెతికించడం ఉంది. జాగిలానికి ఇదంతా ఒక ఆట. దొరికితే బంతి ఇస్తారు, మెచ్చుకుంటారు, దానికి కావాల్సింది అదే. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత న్యూయార్క్ శిథిలాల్లో ప్రాణాలతో ఉన్నవాళ్లు దొరకక రెస్క్యూ కుక్కలు నీరసపడిపోతుంటే, వాటిని నడిపించే హ్యాండ్లర్లు మనుషుల్ని దాచిపెట్టి వాటి చేత కనిపెట్టించి ఉత్సాహం నింపారు. పోలీసు కుక్కను రాయాలనుకునే ప్రతి రచయితకూ నేను ఈ ఒక్క సంగతీ చెబుతాను.

అపోహ: కుక్కకు అబద్ధం తెలియదు, కాబట్టి అది గుర్తించిందంటే తిరుగులేని సాక్ష్యం.

వాస్తవం: మొదటి సగం నిజం. రెండో సగం దాన్నుంచి రాదు. కుక్క తన హ్యాండ్లర్‌ను నిరంతరం గమనిస్తూనే ఉంటుంది. ఆయన అడుగు నెమ్మదించినా, పట్టీ బిగిసినా, ఊపిరి బిగబట్టినా దానికి తెలిసిపోతుంది. జంతువులు మనిషిని ఇలా చదవగలవని చాలాకాలం కిందటే తేలింది. జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని జనం నమ్మారు. అడిగేవాళ్ల తల కదలికల్ని బట్టి అది కాలితో తట్టడం ఆపేస్తోందని ఆస్కార్ ఫంగ్స్ట్ 1907లో నిరూపించాడు.

జాగిలాల మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు చేసిన ప్రయోగం 2011లో అచ్చయింది. 18 మంది హ్యాండ్లర్లు, వాళ్ల జాగిలాలు పాల్గొన్నాయి. ఎర్ర కాగితం ఉన్న చోట మత్తుమందు గానీ పేలుడు పదార్థం గానీ ఉండొచ్చని హ్యాండ్లర్లకు ముందే చెప్పారు. నిజానికి ఎక్కడా ఏమీ పెట్టలేదు. అయినా జాగిలాలు గుర్తించాయని హ్యాండ్లర్లు 200 సార్లకు పైగా చెప్పారు. కుక్కల్ని మాంసం ముక్కలతో, బంతులతో మరల్చిన చోట్ల కన్నా మనుషుల దృష్టిని మరల్చిన ఎర్ర కాగితాల దగ్గరే ఇది ఎక్కువగా జరిగింది.

తప్పు కుక్కదని నేను ఒప్పుకోను. నమ్మకం మనిషిది, దాన్ని చదివింది కుక్క. ఒక అధికారి ముందే ఒకణ్ణి దోషి అనుకుని ఆ ఇంటికే జాగిలాన్ని నడిపిస్తే ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్న మీద ఒక మంచి క్రైమ్ నవల నిలబడుతుంది. అందుకే కొన్ని పరీక్షల్లో వస్తువు ఎక్కడుందో హ్యాండ్లర్‌కు కూడా చెప్పరు.

అపోహ: రాత్రి కుక్క మొరగలేదంటే వచ్చినవాడు తెలిసినవాడే.

వాస్తవం: 1892లో ఆర్థర్ కోనన్ డాయల్ ఒక షెర్లాక్ హోమ్స్ కథలో ఈ తర్కాన్ని వాడి అమరం చేశాడు. ఆ కథలో, ఆ కుక్కకు అది సరిపోయింది. ప్రతి కుక్కకూ సరిపోదు. ముసలి కుక్కకు చెవులు వినపడవు. భయపడిన కుక్క మంచం కిందకి దూరి నోరు విప్పదు. రోజూ పదిమంది వచ్చిపోయే ఇంట్లో పెరిగిన కుక్క కొత్తవాణ్ణి చూసి తోకాడిస్తుంది. బసెంజీ జాతి కుక్కలైతే మొరగడమే చాలా అరుదు. ఈ క్లూ వాడాలంటే ఆ కుక్క దేనికి మొరుగుతుందో, దేనికి ఊరుకుంటుందో పాఠకుడికి ముందు చాప్టర్లలోనే చూపించాలి. చివర్లో డిటెక్టివ్ నోట చెప్పిస్తే అది పాఠకుణ్ణి మోసం చేయడమే.

అపోహ: కుక్కలకు లోకమంతా నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది.

వాస్తవం: నీలం, పసుపు బాగానే తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడానే సరిగా తెలియదు. హంతకుడి ఎర్ర చొక్కాను చూసి కుక్క గుర్తుపట్టిందని రాసినవాళ్లు ఆ సీన్‌ను వాసన మీదకు మార్చుకోవాలి.

అపోహ: యజమాని చనిపోతే కుక్క శవం పక్కనే కాపలా కూర్చుంటుంది, దాని మీద ఈగ కూడా వాలనివ్వదు.

వాస్తవం: అలా కూర్చున్న కుక్కలు ఉన్నాయి. ఇంకోరకంగా జరిగిన కేసులు కూడా ఫోరెన్సిక్ పత్రికల్లో చాలా ఉన్నాయి. కుక్కల్ని ప్రేమించేవాళ్లకు ఇది వినడం కష్టం, నాకూ కష్టమే, కానీ ఈ వృత్తిలో ఉన్నవాళ్లం తెలుసుకోక తప్పదు. తలుపులు మూసిన ఇంట్లో యజమానితో పాటు ఉండిపోయిన పెంపుడు కుక్క మృతదేహాన్ని కొరకడం జరుగుతుంది. అదీ ఎక్కువగా ముఖాన్ని. ఆకలి ఒక్కటే కారణమనుకుంటాం. కానీ 1997లో జర్మన్ నిపుణులు ప్రచురించిన ఒక కేసులో, చనిపోయాక గంట కూడా గడవకముందే, గిన్నెలో తిండి ఉండగానే అది జరిగింది.

నిపుణులు ఇచ్చే వివరణల్లో నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా తోచేది ఇది: కదలని మనిషిని లేపాలని కుక్క మొదట ముక్కుతో పొడుస్తుంది, నాకుతుంది. జవాబు రాకపోయేసరికి కంగారు పెరిగి పంటితో లాగుతుంది. ఆ తర్వాత జరిగేది దాని చేతుల్లో ఉండదు. అది ద్రోహం కాదు, క్రూరత్వమూ కాదు.

దర్యాప్తు కోణంలో దీని విలువ చాలా పెద్దది. మొదట చూసినవాళ్లు ఆ గాయాల్ని దారుణ హత్యగా పొరబడొచ్చు. బతికుండగా తగిలిన గాయంలో రక్తస్రావం, వాపు లాంటి గుర్తులుంటాయి. చనిపోయాక అయిన గాయంలో అవి ఉండవు. పోస్ట్‌మార్టం చేసే డాక్టరు ఆ తేడా చూస్తారు, పంటి గాట్ల అంచులు చూస్తారు. నవలలో ఇలాంటి సీన్ రాయాల్సి వస్తే, దయచేసి ఆ కుక్కను రాక్షసిని చేయకండి.

అపోహ: అనుమానితుడి బట్టల మీద మృతుడి కుక్క వెంట్రుక దొరికితే కేసు తేలిపోయినట్టే.

వాస్తవం: రాలిన వెంట్రుకకు మామూలుగా కుదురు కణజాలం ఉండదు. దాన్నుంచి మైటోకాండ్రియల్ డీఎన్ఏ మాత్రమే దొరకొచ్చు. అది తల్లి వైపు నుంచి వస్తుంది కాబట్టి ఒకే తల్లి సంతానమంతటికీ ఒకటే. ‘ఈ కుక్కదే’ అని చెప్పలేం, ‘ఈ కుక్కది కాదు’ అని గట్టిగా చెప్పొచ్చు. కుదురుతో దొరికితే కథ మారుతుంది, అందులో ఏ జంతువుదో గుర్తించగల డీఎన్ఏ దొరకొచ్చు. 1994లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో జరిగిన హత్య కేసులో రక్తం అంటిన జాకెట్ మీద దొరికిన తెల్ల వెంట్రుకలు నిందితుడి ఇంటి పిల్లివని డీఎన్ఏ పరీక్షలో తేలింది. జంతువుల డీఎన్ఏ కోర్టులో నిలబడిన తొలి కేసుల్లో అదొకటి. ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కుక్క వెంట్రుక దానంతటదే ప్రయాణం చేస్తుంది. సోఫా మీద నుంచి ప్యాంటుకు, ప్యాంటు నుంచి కారు సీటుకు, అక్కడి నుంచి ఆ కుక్కను ఎన్నడూ చూడని మనిషి కోటుకు. కుక్కలున్న ఇంట్లో ఉండేవాళ్లకు ఇది విడిగా చెప్పక్కర్లేదు.

అపోహ: మత్తు కలిపిన మాంసం ముక్క విసిరితే కాపలా కుక్క క్షణాల్లో పడిపోతుంది.

వాస్తవం: నోటి ద్వారా ఇచ్చే మత్తుమందు ఏదీ క్షణాల్లో పనిచేయదు. క్లోరోఫామ్ గుడ్డ మొహాన అదిమితే మనిషి వెంటనే ఒరిగిపోవడం కూడా ఇలాంటి కల్పనే, దానికి నిమిషాలు పడుతుంది. ఇలాంటి చోట మందు పేరు, మోతాదు నేను కావాలనే రాయను. కథకు ఆ అంకె అవసరం లేదు. ఎక్కడో ఒక కుక్కకు దానివల్ల ప్రాణం మీదకు రావచ్చు.

అపోహ: క్రైమ్ రాసేవాళ్లు రాత్రంతా మేలుకుని, చీకట్లోనే ఆలోచిస్తూ బతుకుతారు. కుక్కను పెంచితే రాయడానికి టైమ్ దొరకదు.

వాస్తవం: ఈ పనిలో ఎక్కువ భాగం టైమ్‌లైన్ సరిచూసుకోవడం, రాసింది కొట్టేయడం, మళ్లీ రాయడం. ఎవరు ఏ గంటకు ఎక్కడున్నారో పట్టిక వేసుకుని నెలల తరబడి కూర్చుంటాం. దానికి తెల్లారే లేపి బయటకు లాక్కెళ్లే కుక్క కన్నా మంచి తోడు లేదు. ప్లాట్‌లో పడిన చిక్కుముడి బల్ల ముందు విడదు, పట్టీ చేతిలో ఉన్నప్పుడే విడుతుంది. అగాథా క్రిస్టీ 1937లో ఒక నవలను తన కుక్క పీటర్‌కు అంకితమిచ్చింది. ఆమె అలా ఎందుకు చేసిందో నాకు బాగా తెలుసు.

అపోహ: పాఠకుల్ని ఏడిపించాలంటే కుక్కను చంపడం తేలికైన దారి.

వాస్తవం: తేలికైన దారే, అందుకే నేను ఆ దారి పట్టను. పది మంది మనుషులు చచ్చినా ఊరుకున్న పాఠకుడు ఒక్క కుక్క చస్తే పుస్తకం మూసేస్తాడు. వాళ్ల కోపం న్యాయమైనది. మనుషుల గొడవలో దానికి ఏ పాత్రా లేదు. నన్ను పట్టి ఉంచే ప్రశ్న వేరే ఉంది. యజమాని హత్యకు గురయ్యాడు, లేదా అరెస్టయ్యాడు. ఇల్లు సీల్ చేశారు. కుక్క సంగతేంటి? ఆ పూట దానికి తిండి ఎవరు పెట్టారు? నిజమైన దర్యాప్తుల్లో దీనికి ఎవరో ఒకరు జవాబు వెతకాల్సిందే: పొరుగువాళ్లు, బంధువులు, షెల్టర్ వాళ్లు. ఒక్కోసారి డ్యూటీలో ఉన్న కానిస్టేబులే ఇంటికి తీసుకెళ్తాడు. నా డ్రాఫ్ట్‌లో మొదటి శవం పడగానే, అనుమానితుల పట్టిక కన్నా ముందు ఆ కుక్క ఎవరింటికి వెళ్తుందో రాసి పెట్టుకుంటాను.