గోనెసంచి కట్టుకోబోయే మనవడికి

ప్రియమైన చిన్నా, బుజ్జీ,

మీ అమ్మ ఫోనులో అంతా చెప్పింది. క్రిస్మస్ నాటకంలో బుజ్జికి దేవదూత వేషం వచ్చిందట. చిన్నాకి బాప్తిస్మమిచ్చు యోహాను వేషం ఇచ్చారని అలిగి అన్నం మానేశాడట. "గోనెసంచి కట్టుకుని రెండు ముక్కలు అరిచి వెళ్లిపోవాలి. పశువుల పాకలో ఆయన లేనే లేడు కదా, మరి నాటకంలో ఎందుకు?" అన్నావట. అలక సంగతి ఎలా ఉన్నా, ప్రశ్న మాత్రం అడగవలసిందే.

నీ బైబిల్లో పాత నిబంధన చివరి పుట తియ్యి. మలాకీ గ్రంథం అక్కడ ముగుస్తుంది. ఏలీయా ప్రవక్తను మళ్లీ పంపుతానన్న దేవుని మాట ఆ పుటలోనే ఉంది. పుట తిప్పితే మత్తయి సువార్త. తిప్పడానికి నీకు ఒక్క క్షణం పడుతుంది కానీ, ఆ రెండింటి నడుమ దాదాపు 400 ఏళ్లు గడిచాయి. అన్నేళ్ల తర్వాత యొర్దాను నది ఒడ్డున ఒక మనిషి కేక వినబడింది. ఆయనే యోహాను. ఒంటి మీద ఒంటె రోమాల వస్త్రం, నడుముకు తోలుదట్టి, తిండి మిడతలు, అడవి తేనె. పూర్వం ఏలీయా వేషం కూడా ఇదే. కాబట్టి ఆయనను చూడగానే జనానికి ఎవరు గుర్తొచ్చి ఉంటారో ఊహించు. నీ గోనెసంచి వెనక ఇంత కథ ఉంది.

యెషయా ప్రవక్త ముందే చెప్పాడు: ప్రభువు వస్తున్నాడు, దారి సిద్ధం చేయండి అని అరణ్యంలో ఒకడు కేక వేస్తాడని. పెద్ద నాయకుడు వస్తున్నాడంటే మన ఊరి రోడ్డు గుంతలు రాత్రికి రాత్రే పూడిపోవడం మీరూ చూశారుగా, అలాంటి పని అది. అయితే యోహాను పూడ్చమన్న గుంతలు వేరు. "మేమేం చేయాలి?" అని జనం అడిగితే, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వమన్నాడు. సుంకం వసూలు చేసేవాళ్లతో, నిర్ణయించిన దానికంటే ఒక్క కాసు ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులతో, ఎవరినీ బెదిరించి లాక్కోవద్దు, మీ జీతంతో తృప్తి పడండి అన్నాడు. ఉద్యోగం మానేయమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు ఆ సంగతి భలే నచ్చుతుంది.

నేను చాలా ఏళ్లు యోహానును వేగుచుక్కతో పోల్చేవాణ్ణి, సూర్యుడికంటే ముందు వస్తుంది కదా అని. తర్వాత ప్రకటన గ్రంథం చివర్లో యేసు తననే వేకువచుక్క అన్నాడని చూసి నాలుక కరుచుకున్నాను. యోహాను గురించి యేసు వాడిన మాట దీపం. మండుతూ వెలుగిచ్చే దీపం.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు చెబుతాను. ఒకరోజు యోహాను తన ఇద్దరు శిష్యులతో నిలబడి ఉన్నాడు. యేసు అటుగా నడిచి వెళుతున్నాడు. "ఇదిగో దేవుని గొర్రెపిల్ల" అన్నాడు యోహాను. ఆ ఒక్క మాటకే శిష్యులిద్దరూ ఆయనను వదిలి యేసు వెంట వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడు పేతురు సహోదరుడు అంద్రెయ. యోహాను వెనక్కి పిలవలేదు. తర్వాత మిగిలిన శిష్యులు వచ్చి, అందరూ యేసు దగ్గరికే పోతున్నారని వాపోయారు. అప్పుడు యోహాను పెళ్లి మాట ఎత్తాడు. పెళ్లికూతురు పెళ్లికొడుకుది, పక్కన నిలబడిన స్నేహితుడికి పెళ్లికొడుకు గొంతు వినడమే సంతోషం అన్నాడు. మన పెళ్లిళ్లలో తోడి పెళ్లికొడుకు ఉంటాడే, అలా అనుకోండి. "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అన్నది అక్కడే.

యోహాను పుట్టిన పండుగ జూన్ 24న, క్రిస్మస్‌కు ఆరు నెలల ముందు వస్తుంది. యేసు తల్లి మరియకు గబ్రియేలు దూత కనిపించేనాటికి యోహాను తల్లి ఎలీసబెతుకు ఆరో నెల అని లూకా రాశాడు కదా, ఆ లెక్క అది. జూన్ చివరి నుంచి పగలు తగ్గుతూ వస్తుంది, డిసెంబర్ చివరి నుంచి పెరుగుతుంది. హెచ్చడం, తగ్గడం అన్న మాటకు ఈ పోలికను హిప్పో బిషప్పు అగస్టీను ఏనాడో తన ప్రసంగాల్లో చెప్పాడు.

బుజ్జీ, ఇది నీకు. అంత ధైర్యంగా వేలు చూపించిన మనిషికి కూడా సందేహం వచ్చింది. తన సహోదరుడి భార్యను పెళ్లాడిన గలిలయ పాలకుడు హేరోదు అంతిపను తప్పని నిలదీసినందుకు యోహానును చెరలో వేశారు. అది మృత సముద్రానికి తూర్పున ఉన్న మకేరస్ కోట అని జోసీఫస్ అనే యూదు చరిత్రకారుడు రాశాడు. అక్కడి నుంచి యోహాను శిష్యులను పంపి, "రాబోయేవాడివి నీవేనా, లేక మరొకరి కోసం ఎదురుచూడాలా?" అని యేసును అడిగించాడు. యేసు కోప్పడలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, మీరు విన్నవీ కన్నవీ వెళ్లి చెప్పండి అన్నాడు. వాళ్లు వెనుదిరిగాక జనం వైపు తిరిగి, స్త్రీలు కన్నవారిలో యోహానుకంటే గొప్పవాడు లేడన్నాడు. ఆ మెచ్చుకోలు చెరలో ఉన్న మనిషి చెవిన పడిందో లేదో!

యోహాను మళ్లీ బయటకు రాలేదు. హేరోదు పుట్టినరోజు విందు నాడు ఆయనను చంపించారు. ఆ కథ మీరు కాస్త పెద్దయ్యాక చెబుతాను. శిష్యులు దేహాన్ని తీసుకెళ్లి పాతిపెట్టారు. అక్కడి నుంచి వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లారో మత్తయి 14వ అధ్యాయం, 12వ వచనంలో ఇద్దరూ కలిసి చూడండి.

చిన్నా, గోనెసంచి గుచ్చుకుంటుంది, లోపల బనియను వేసుకో. నా పాత తోలు బెల్టు మీ నాన్నతో పంపుతున్నాను. నీ నడుముకు సరిపోయేలా మరో మూడు చిల్లులు పెట్టించాను.

మీ తాతయ్య