పరుపు కింద ఆప్టికల్ ఫైబర్: అపోహలు - వాస్తవాలు

పరుపు కింద ఆప్టికల్ ఫైబర్ (కాంతిని మోసే సన్నటి గాజు తీగ) ఉన్న మ్యాట్ పరిచి ఊపిరి, గుండె లయ, ఒంటి కదలికలు చూసే పరికరాలతో నా పని. ఒంటికి వైర్లు, పట్టీలు ఏవీ తగిలించక్కర్లేదు కాబట్టి వీటిని ఇష్టపడేవాళ్లు చాలామంది. వీటి నుంచి రాని ఫలితాలు ఆశించేవాళ్లూ అంతమందే ఉన్నారు. నర్సులు, డాక్టర్లు, పేషెంట్ల ఇంటివాళ్లు తరచూ అనే మాటలు తీసుకుని రాస్తున్నాను.

అపోహ: లేజర్ కాంతి ఒంట్లోకి వెళ్తుంది.

వెళ్లదు. ఒంటి నుంచి ఫైబర్‌కు ఒత్తిడి అందుతుంది, అంతే. ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ పెట్టే టెక్నీషియన్ తీగను మరీ వంచొద్దని చెబుతాడు. వంపు దగ్గర కాంతి బయటికి జారి సిగ్నల్ పడిపోతుంది. వాళ్లు నష్టంగా లెక్కవేసే దాన్నే మేము కొలుస్తాం. మైక్రోబెండ్ (అతి చిన్న వంపుల) మ్యాట్‌లో ఫైబర్‌ను రెండు జాలీల మధ్య ఇరికిస్తాం. ఛాతీ పొంగితే జాలీ కాస్త ఎక్కువ నొక్కుతుంది, అవతలి చివర కాంతి తగ్గుతుంది. ఊపిరి వదలగానే మళ్లీ పెరుగుతుంది. దీనికి లేజరే అక్కర్లేదు, చిన్న ఎల్ఈడీ చాలు. జారిన ఆ కొద్దిపాటి కాంతి మ్యాట్ తొడుగు దాటి రాదు.

అపోహ: గాజు విరిగి గుచ్చుకుంటుంది.

ఫైబర్ మందం 125 మైక్రాన్లు. దానిమీద పూత, ఆపైన మ్యాట్ తొడుగు ఉంటాయి. లోపల విరిగితే సిగ్నల్ పోతుంది, పేషెంట్‌కు ఏమీ కాదు.

అపోహ: గుండె రేటు వస్తోంది కదా, ఇక ఈసీజీ ఎందుకు?

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. ఈసీజీ గుండెలోని విద్యుత్తును చూస్తుంది. మా మ్యాట్ చూసేది గుండె రక్తాన్ని చిమ్మినప్పుడు ఒళ్లంతా అతి సన్నగా అదిరే అదురును. దీన్ని బాలిస్టోకార్డియోగ్రఫీ అంటారు. అమెరికాలో ఐజాక్ స్టార్ 1939లోనే, పేషెంట్‌ను వేలాడదీసిన బల్లమీద పడుకోబెట్టి దీన్ని నమోదు చేశాడు. మేము బల్ల బదులు ఫైబర్ వాడుతున్నాం. ఈసీజీలో పెద్ద శిఖరం వచ్చిన సుమారు పావు సెకను తర్వాత మా గీతలో శిఖరం వస్తుంది. రేటు తెలుస్తుంది, లయ తప్పుతోందన్న అనుమానం కూడా రావచ్చు. కానీ గుండెపోటును ఇది పట్టదు. ఛాతీలో నొప్పి అంటే మ్యాట్ గీత చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: ఊపిరి గీత కదులుతోందంటే గాలి అందుతున్నట్టే.

గురక పెట్టేవాళ్లలో కొందరికి నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోతుంది. గాలి లోపలికి పోదు, కానీ ఛాతీ, పొట్ట పెనుగులాడుతూనే ఉంటాయి. మ్యాట్‌కు ఆ పెనుగులాట ఊపిరిలాగే కనిపించవచ్చు. ముక్కు దగ్గర గాలిని, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ను కలిపి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. రక్తంలో ఆక్సిజన్ ఎంతో మ్యాట్ చెప్పలేదు.

అపోహ: ఊపిరిని, గుండెను సాఫ్ట్‌వేర్ ఎలాగూ విడదీస్తుంది.

నిమిషానికి 18 సార్లు ఊపిరి తీసే మనిషిని తీసుకోండి. ఛాతీ కదలిక నున్నటి తరంగం కాదు కాబట్టి 36, 54, 72 దగ్గర కూడా దాని జాడలు పడతాయి. గుండె నిజంగా 80 కొట్టుకుంటున్నా, తప్పు జాడను పట్టుకున్న ప్రోగ్రాం 72 అని రాస్తుంది. 72 చూసి ఎవరికీ అనుమానం రాదు. అందుకే మ్యాట్ అమ్మడానికి ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: ఈసీజీ పక్కన పెట్టి పోల్చారా, పేషెంట్ పక్కకు తిరిగి పడుకున్నప్పుడు కూడా పోల్చారా? మన వార్డుల్లో ఇంకో చిక్కు ఉంది. అటెండెంట్ మంచం అంచునే కూర్చుంటారు. అప్పుడు ఆ కదలికలు ఎవరివో తెలియదు.

అపోహ: పేషెంట్ కదిలితే ఆ డేటా వేస్ట్.

గుండె రేటుకు వేస్టే. అటూ ఇటూ దొర్లుతుంటే ఆ చిన్న అదురు మునిగిపోతుంది. అప్పుడు అంకె చూపించకుండా ఖాళీగా వదిలేసే పరికరాన్నే నేను నమ్ముతాను. కానీ కదలికకు దాని విలువ దానికుంది. మంచాన పడ్డ పెద్దాయన గంటల తరబడి ఒకే వైపు ఉండిపోతే పుండ్లు పడతాయి. ఎప్పుడు తిరిగారో, ఎవరైనా తిప్పారో లేదో మ్యాట్ చూపిస్తుంది. రాత్రి మంచం దిగబోతున్నారని ముందే నర్సుకు తెలిస్తే ఒక పడిపోవడం తప్పుతుంది. నా దృష్టిలో ఈ ఫైబర్ అసలు బలం ఇక్కడే ఉంది.

అపోహ: ఎంఆర్ఐ గదిలో ఇది ఇబ్బంది పెట్టదు.

ఫైబర్ వరకు నిజం. దానిలో లోహం లేదు, వైర్లు వేడెక్కి చర్మం కాలే ప్రమాదం లేదు. కాంతిని పంపి చదివే పెట్టె మాత్రం మామూలు ఎలక్ట్రానిక్సే, అది గది బయటే ఉండాలి. మ్యాట్‌లలో బ్రాగ్ గ్రేటింగ్ అనే ఇంకో రకం ఉంది, దాని ఫైబర్ లోపల ఒక రంగు కాంతిని మాత్రం వెనక్కి పంపే సన్నటి గీతలు ఉంటాయి; అది వెచ్చదనానికి కూడా స్పందిస్తుంది. పేషెంట్ పడుకున్న కాసేపటికి ఒంటి వేడికి గీత మెల్లగా జరుగుతుంది. ఆ జరుగుడు ఊపిరికంటే చాలా నిదానం కాబట్టి ఫిల్టర్‌తో తీసేస్తాం.

అపోహ: పాప మంచం కింద పెడితే రాత్రి నిశ్చింతగా పడుకోవచ్చు.

అమెరికాలో ఉండే తెలుగు తల్లిదండ్రులు ఇది ఎక్కువగా అడుగుతారు. పసిపిల్లల ఆకస్మిక మరణాలను తగ్గించే మార్గంగా ఇంట్లో గుండె, ఊపిరి మానిటర్లు వాడొద్దని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం ఎప్పటినుంచో చెబుతోంది. పాపను వెల్లకిలా, గట్టి చదునైన పరుపుమీద పడుకోబెట్టండి. దిండ్లు, బొమ్మలు, మెత్తటి దుప్పట్లు పక్కన ఉంచకండి. మ్యాట్ ఉన్నా ఇవేవీ మానకూడదు.