నీరసానికి కారణం వెతకండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పిల్లలకు,

ఆశీస్సులు. పొద్దున్న లేస్తూనే ఒళ్లు బరువు, బడిలో కునుకుపాట్లు, రాత్రి పక్కమీదికి చేరితే నిద్ర రాదు. మీలో చాలామంది పడే బాధే ఇది. పెద్దవాళ్లు బద్ధకమని తిడతారు, లేదంటే టానిక్ సీసా తెస్తారు. రెండూ తొందరపాటే.

ముందు నిద్ర గంటలు లెక్కవేయండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలి. పదకొండున్నరకి పడుకుని ట్యూషన్ కోసం ఐదింటికి లేచేవాళ్లకి ఇంకే జబ్బూ లేకపోయినా నీరసం తప్పదు. ఈ వయసులో నిద్ర ఎలాగూ ఆలస్యంగానే వస్తుంది. ఫోన్ వెలుగు, సాయంత్రం టీ దాన్ని ఇంకా వెనక్కి నెడతాయి. తాగిన ఐదారు గంటలకి కూడా టీలోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది. ఒక రెండు వారాలు మధ్యాహ్నం మూడు దాటాక టీ మానండి, పడుకునే గంట ముందు ఫోన్ పక్కన పెట్టండి, ఆదివారం కూడా అదే వేళకి లేవండి.

అప్పటికీ తగ్గకపోతే రక్తం చూపించుకోవాలి. అద్దం ముందు కింది కనురెప్పని వేలితో కిందికి లాగితే లోపల ఎర్రగా కనిపించాలి. పాలిపోయి ఉంటే అనుమానించండి గానీ, తేల్చేది హిమోగ్లోబిన్ పరీక్షే. డెసిలీటరు రక్తానికి, 12 ఏళ్లు నిండిన ఆడపిల్లలకీ, 12 నుంచి 14 ఏళ్ల మగపిల్లలకీ కనీసం 12 గ్రాములు, 15 నిండిన మగపిల్లలకి 13 ఉండాలి. పచ్చి బియ్యం, సుద్ద తినాలనిపించడం ఐరన్ లోపానికి గుర్తు. పడుకోగానే పిక్కలు లాగి, కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం కూడా చాలాసార్లు దానివల్లే. నిద్ర చెడేది అక్కడే. హిమోగ్లోబిన్ సరిపడా ఉన్నా ఐరన్ నిల్వ తక్కువైతే ఇలా జరగొచ్చు, అందుకే ఆ నిల్వని చూపే ఫెరిటిన్ పరీక్ష గురించి డాక్టర్ని అడగండి.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. కడుపులో తిప్పుతోందని చాలామంది పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదు. మాత్రకీ భోజనానికీ గంట అటూ ఇటూ టీ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు. చోడి అంబలి ఎముకలకి మంచిదే, కానీ ఐరన్ కోసం దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, తినే ఇళ్లలో చేప, కాలేయం ఇంకా మేలు. చెప్పుల్లేకుండా తిరిగితే కొంకి పురుగు పాదాల్లోంచి దూరి పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది. ఆ పురుగులు పోవడానికి బడిలో ఇచ్చే అల్బెండజోల్ మాత్ర నమిలి మింగండి. నెలసరి ఏడు రోజులు దాటుతుంటే అమ్మకి చెప్పండి, సిగ్గుపడొద్దు.

మన ప్రాంతంలో ఇంకో రెండు మరవకూడదు. ఒకటి సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్త జబ్బు. నీరసంతోపాటు ఎముకల్లో, కీళ్లలో పోట్లు, పచ్చబడిన కళ్లు ఉంటే ఆ పరీక్ష చేయించాలి. 40 ఏళ్ల లోపు వాళ్లకి ప్రభుత్వం పరీక్షలు చేయిస్తోంది. ఆ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా ఐరన్ వేసుకోకూడదు, వాళ్ల రక్తం తగ్గేది ఐరన్ లేక కాదు, ఎర్రకణాలు త్వరగా చితికిపోయి. రెండోది మలేరియా. చలిజ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త దగ్గర వేలి రక్తం పరీక్ష చేయించుకోండి, మందు సగంలో ఆపకండి.

నోరు తెరుచుకుని గురక పెట్టేవాళ్లు గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ చూపించుకోవాలి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం ఉంటే ఆ రోజే షుగర్ పరీక్ష. రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ ఏమోనని కఫం పరీక్ష. చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం ఉంటే థైరాయిడ్. ఏమీ తినాలనిపించక, ఎవరితోనూ మాట్లాడాలనిపించక, తెల్లవారుజామునే మెలకువ వస్తుంటే అది దిగులు కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వారం రోజుల నిద్ర వేళలు, తాగిన టీలు, నెలసరి తేదీలు, వాడిన మందులు కాగితం మీద రాసి తీసుకెళ్లండి. హిమోగ్లోబిన్ 8 లోపుంటే, నాలుగు మెట్లెక్కితే ఆయాసమొస్తే, కళ్లు తిరిగి పడిపోతే వారం లెక్క కోసం ఆగొద్దు, వెంటనే వెళ్లండి.

మీ తాతయ్య