స్టిక్కీ నోట్స్ పోయాయా? ముందు ఆ రీసెట్ బటన్ మీద నుంచి చెయ్యి తీయండి

"అన్నా, అన్నీ చేసి చూసినం. ఏం చేసినా వస్తలేవు. ఇగ మీ దగ్గరికి తెచ్చినం."

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు బాగుచేసే మా షాపులో ఈ మాట వినని వారం ఉండదు. ఆ "అన్నీ" అన్న దగ్గరే నాకు గుబులు. విండోస్‌లో స్టిక్కీ నోట్స్ అనే యాప్‌లో రాసుకునే పసుపు చీటీలు కనపడటం లేదని కంగారుపడి, ఏదీ ముట్టుకోకుండా తెచ్చిన సిస్టమ్‌లో నోట్స్ దొరకబట్టడం పెద్ద పనేమీ కాదు. రెండు మూడు వీడియోలు చూసి, బావమరిది ఫోన్లో చెప్పింది కూడా చేసి తెచ్చిన సిస్టమ్‌తోనే తిప్పలు.

అపోహ: స్టిక్కీ నోట్స్ తెరుచుకోకపోతే యాప్ రీసెట్ కొట్టాలి, లేదా తీసేసి మళ్ళీ వేసుకోవాలి. పాత నోట్స్ వాటంతట అవే వచ్చేస్తాయి.

రావు. పైగా అప్పటిదాకా డిస్క్‌లో పదిలంగా ఉన్నవి కూడా ఆ దెబ్బతో పోతాయి.

ఈ నమ్మకం ఫోన్ల వల్ల వచ్చింది. ఫోన్లో జీమెయిల్ యాప్ తీసేసి మళ్ళీ వేసుకుంటే మెయిల్స్ అన్నీ వచ్చేస్తాయి. ఎందుకంటే అవి ఉండేది గూగుల్ సర్వర్లలో. కంప్యూటర్‌లో స్టిక్కీ నోట్స్‌కి ఆ సదుపాయం మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటేనే. లాగిన్ కాకపోతే మీ నోట్స్‌కి ఉన్నది ఒకే ఒక్క కాపీ, అదీ ఆ యాప్ సొంత ఫోల్డర్‌లో. యాప్ తీసేస్తే విండోస్ ఆ ఫోల్డర్‌ని కూడా తుడిచేస్తుంది. రీసెట్ కొట్టినా అంతే. యాప్ డేటా డిలీట్ అవుతుందని సెట్టింగ్స్‌లో రీసెట్ బటన్ దగ్గరే రాసి ఉంటుంది. టెన్షన్‌లో ఉన్న మనిషి అది చదవకపోతే నేను తప్పు పట్టను. వీడియో చేసి లక్షల మందికి చూపించినవాడు మాత్రం చదవాలి కదా! అక్కడే రిపేర్ అని ఇంకో బటన్ ఉంటుంది. అది డేటా జోలికి పోదు. ఏదో ఒకటి నొక్కందే మనసు ఊరుకోదనుకుంటే అది నొక్కండి.

అశోక్‌నగర్‌లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతున్న ఒక కుర్రాడు వాళ్ళ నాన్నతో కలిసి వచ్చాడు. పాలిటీ ఆర్టికల్ నంబర్ల దగ్గర్నుంచి కరెంట్ అఫైర్స్ దాకా స్టిక్కీ నోట్స్‌లోనే రాసుకున్నాడట. ఒకరోజు యాప్ తెరుచుకోలేదు. రూమ్మేట్ రీసెట్ కొట్టమన్నాడు. కొట్టగానే యాప్ చక్కగా తెరుచుకుంది, ఖాళీగా. నేను లోపలి ఫోల్డర్ తీసి చూస్తే నోట్స్ ఫైల్ పుట్టిన తేదీ ముందురోజుది. పాత ఫైల్ పోయి దాని చోట కొత్త ఖాళీ ఫైల్ వచ్చిందన్నమాట. ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ బదులు వచ్చే చిప్‌ల డిస్క్ (అందులో డిలీట్ అయింది ఎందుకు దొరకదో కింద చెప్తాను). అకౌంట్ లాగిన్ లేదు. ఇక వెతకడానికి చోటే లేదు. "గంత చిన్న బటన్‌కి గింత పనైతదా సార్?" అని వాళ్ళ నాన్న అడుగుతూనే ఉన్నారు. కుర్రాడు మాత్రం నోరు మెదపలేదు.

మరి ఏం చేయాలి? యాప్ మూసేసి, సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్‌కి వెళ్ళండి. అందులో మీ పేరుతో ఉన్న ఫోల్డర్, దాంట్లో యాప్‌డేటా, లోకల్, ప్యాకేజెస్. యాప్‌డేటా మామూలుగా కనపడదు, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్‌కి టిక్ పెట్టాలి. ప్యాకేజెస్‌లో మైక్రోసాఫ్ట్ స్టిక్కీ నోట్స్ అని పొడుగాటి పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల లోకల్‌స్టేట్ ఉంటాయి. ఆ లోకల్‌స్టేట్ మొత్తాన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాత మీ బావమరిది ఏం చెప్తే అది చేయండి, నాకేం అభ్యంతరం లేదు.

మొత్తాన్నీ అని ఎందుకంటున్నానంటే, నోట్స్ ఉండే డేటాబేస్ ఫైల్ పేరు ప్లమ్. దాని పక్కనే అదే పేరుతో, చివర డబ్ల్యూఏఎల్, ఎస్‌హెచ్ఎం అని ఇంకో రెండు ఫైళ్ళు ఉంటాయి. చాలామంది ఇవేవో చెత్త ఫైళ్ళనుకుని అసలుదొక్కటే కాపీ చేస్తారు. కానీ కొత్తగా రాసినవి ముందు చేరేది డబ్ల్యూఏఎల్‌లోనే, అసలు ఫైల్‌లో కలిసేది తర్వాత.

మోండా మార్కెట్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు లెక్కలు చూసే అమ్మాయి, యాప్ తెరుచుకోకపోయేసరికి సిస్టమ్ ఆపేసి నేరుగా పట్టుకొచ్చింది. ఎవరెంత బాకీ అన్నది మొత్తం ఆ పసుపు చీటీల్లోనే ఉందట. (దీని గురించి ఆమె సేఠ్‌కి ఇప్పటికీ తెలియదనుకుంటా.) ఫోల్డర్ కాపీ చేసి, నా సిస్టమ్‌లో డీబీ బ్రౌజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్లమ్ ఒక్కటే తెరిచాను. నోట్ అనే టేబుల్, అందులో టెక్స్ట్ అనే కాలమ్. ప్రతి లైను మొదట్లో ఐడీ అంటూ అర్థంకాని అక్షరాల వరస, దాని వెనక పేరు, అంకె: "అల్వాల్ పార్టీ 14,500 దసరాకి." ఆమె లేచొచ్చి స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుకుంది. "ఈ వారంవి లేవు సార్" అంది. డబ్ల్యూఏఎల్ ఫైల్ కూడా పక్కన పెట్టి మళ్ళీ తెరిస్తే, ఆ వారం బాకీలు కూడా వచ్చేశాయి.

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఎప్పుడైనా లాగిన్ అయ్యుంటే ఇంకో దారి ఉంది. బ్రౌజర్‌లో అదే అకౌంట్‌తో ఔట్‌లుక్ తెరిచి, నోట్స్ ఫోల్డర్ చూడండి. పొరపాటున డిలీట్ చేసినవి అక్కడి డిలీటెడ్ ఐటమ్స్‌లో కనపడొచ్చు.

అపోహ: నోట్ మీద ఇంటూ గుర్తు కొడితే అది పోయినట్టే.

విండోస్ 7లో అలాగే ఉండేది, ఆ భయం ఇంకా పోలేదు. ఇప్పటి స్టిక్కీ నోట్స్‌లో ఇంటూ కొడితే చీటీ కనపడకుండా పోతుందంతే. నోట్స్ లిస్ట్ తెరవండి, అక్కడే ఉంటుంది. మా దగ్గరికి వచ్చే వాళ్ళలో కొందరికి ఇది చూపించి టీ తాగించి పంపిస్తాం.

అపోహ: ఫైల్ డిలీట్ అయిన వెంటనే రికవరీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేయాలి.

ఎక్కడికి డౌన్‌లోడ్ చేస్తున్నారు? పోయిన ఫైల్ ఉన్న సీ డ్రైవ్‌లోకే కదా. పాత హార్డ్ డిస్క్‌లో ఫైల్ డిలీట్ చేస్తే, రేషన్ కార్డు లిస్టులో పేరు కొట్టేసినా మనిషి ఇంట్లోనే ఉన్నట్టు, డేటా ఉన్నచోటే ఉంటుంది. ఆ చోటు ఖాళీ అని విండోస్ అనుకుంటుంది. మీరు దింపిన సాఫ్ట్‌వేర్ వచ్చి సరిగ్గా అక్కడే కూర్చోవచ్చు. సిస్టమ్ ఆపేసి, ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించి వెతకాలి. దొరికినదాన్ని కూడా వేరే డిస్క్‌లోకే తీయాలి.

ఎస్ఎస్‌డీ కథ వేరు. డిలీట్ చేసిన చోటు ఇక అక్కర్లేదని విండోస్ దానికి ట్రిమ్ అనే కమాండ్‌తో చెప్పేస్తుంది. విండోస్ 7 నుంచీ ఇది ఉంది. ఆ తర్వాత అక్కడి డేటాని ఎస్ఎస్‌డీ తనంతట తనే చెరిపేస్తుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ పేరు, సైజు, తేదీ అన్నీ కనపడతాయి. జనం ఆశపడి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేస్తారు. తీరా తెరిస్తే లోపలన్నీ సున్నాలే. నూటికి నూరు శాతం రికవరీ అని బోర్డు పెట్టినవాళ్ళని, మీ డిస్క్ ఏ రకమో చూశాక కూడా అదే మాట అంటారేమో అడగండి.

మిగతావి గబగబా

"ఓఎస్ (అంటే విండోస్) మారిస్తే సీ డ్రైవే పోతుంది, డీ సేఫ్" అంటారు. నిజమే, కానీ మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, స్టిక్కీ నోట్స్ ఉండేది సీలోనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచి సిస్టమ్‌లు మార్పించుకునేవాళ్ళు పెరిగారు. ఇవ్వబోయే ముందు ఆ లోకల్‌స్టేట్ కాపీ అడిగి తీసుకోండి. ఫార్మాట్ చేయకుండా పాతదాని మీదే విండోస్ ఎక్కించి ఉంటే సీ డ్రైవ్‌లో మీ పాత ఫైళ్ళతో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉంటుంది. మామూలుగా పది రోజుల తర్వాత విండోస్ దాన్ని తీసేస్తుంది, అందుకని ఆలస్యం చేయకండి.

సేవ్ చేయకుండా మూసేసిన వర్డ్ ఫైల్ కోసం ఫైల్ మెనూలో ఇన్ఫోకి వెళ్ళి, రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ నొక్కి చూడండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వాడేవాళ్ళు దాని బ్యాకప్ ఫోల్డర్ చూడాలి.

తెలుగు నోట్స్ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనపడుతున్నాయా? చాలామటుకు అది "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో టైప్ చేసిందై ఉంటుంది. ఫాంట్ వేస్తే చదవొచ్చు. కానీ అన్నీ ప్రశ్నార్థకాలే కనపడితే అది వేరే జబ్బు. పాత నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ తెలుగుని ఆన్సీలో (తెలుగు అక్షరాలకి చోటు లేని పాత పద్ధతిలో) సేవ్ చేస్తే ప్రతి అక్షరమూ నిజంగానే ప్రశ్నార్థకంగా మారిపోతుంది. ఏ ఫాంట్ వేసినా అవి తిరిగి తెలుగు కావు. పాత కాపీ ఎక్కడైనా ఉందేమో వెతకడమే.

చివరగా, మదర్‌బోర్డు పోయిన ల్యాప్‌టాప్ తెచ్చేవాళ్ళకి ఒక మాట. ఎస్ఎస్‌డీ విప్పి వేరే సిస్టమ్‌కి పెడితే సరిపోతుందని మీరు విన్నది పాత మాట. ఇప్పటి విండోస్ 11 మెషీన్లలో చాలావాటికి మీకు తెలియకుండానే బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం, ఆన్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. షాపుకి బయల్దేరే ముందే ఫోన్లో లాగిన్ అయి చూసుకుని, ఆ కీ రాసుకుని రండి. ఛార్జర్ కూడా తెచ్చుకోండి.