పరేడ్ డ్రమ్ముకు గంట: ఈ పేచీ వెనక కథ

ఆగస్టు 15 దగ్గరపడేసరికి పర్లాకిమిడి, బరంపురం వైపు బడి బ్యాండుల్లో పాత పేచీ మళ్లీ లేచింది. నడుస్తూ వాయించే పెద్ద డ్రమ్ముకు, అంటే బాస్ డ్రమ్ముకు, కౌబెల్ (కర్రతో కొట్టి మోగించే, నాలుక లేని లోహపు గంట), చిన్న తాళం, గజ్జెల పట్టీ తగిలించుకోవచ్చా, కూడదా?

ఈ డ్రమ్ము 18వ శతాబ్దంలో తుర్కీ సైనిక మేళాల నుంచి యూరప్‌కు చేరడం, బ్రిటిష్ పటాలాలతో మద్రాసు ప్రెసిడెన్సీకి రావడం తెలిసిన సంగతే. అయితే అది ఒంటరిగా రాలేదు. తాళాలు, ట్రయాంగిల్, చిరుగంటలు వేలాడే కర్ర దాని వెంటే వచ్చాయి.

అసలు మలుపు 1960లలో అమెరికా డ్రమ్ కోర్లలో, అంటే డ్రమ్ములు, బూరలతో కవాతు చేసే మేళాల్లో వచ్చింది. అంతకుముందు పెద్ద డ్రమ్ము పని అడుగుకు దెబ్బ వేయడమే. అప్పుడు రకరకాల సైజుల డ్రమ్ములకు వేర్వేరు శ్రుతులు పెట్టి, మనిషికొకటి ఇచ్చి వరుసగా నిలబెట్టారు. వరుస మొత్తం కలిస్తే పాటలా వినిపిస్తుంది. విడిగా చూస్తే ఒక్కో కుర్రాడి చేతిలో మిగిలింది ఒక్క స్వరమే. మరో శబ్దం కావాలంటే దాన్ని తన డ్రమ్ము దగ్గరే అమర్చుకోవాలి. 1980ల మొదట్లో అక్కడి పోటీల్లో కొన్ని వాద్యాలను మైదానం ముందు నేలమీద నిలిపి వాయించడానికి ఒప్పుకున్నారు. దాంతో గంటలూ తాళాలూ మోసే పని తగ్గింది. నడిచే డ్రమ్ముకు అదనపు శబ్దం ఎందుకన్న ఆలోచన బలపడింది అక్కడేనని నా అభిప్రాయం. కలెక్టరు గారి ముందు నుంచి నడిచిపోయే మన పిల్లలకు వాద్యాలు దించుకునే చోటెక్కడుంది?

వద్దనే డ్రిల్ మాస్టార్లు చెప్పేది ఒకటే. బాస్ డ్రమ్ము ఎడమ అడుగుకు గుర్తు, నిమిషానికి 120 అడుగుల నడకలో ఇంకో మోత కలిస్తే వెనక వరుసలు తడబడతాయి.

వాయించేవాళ్లు దీనికి నేరుగానే జవాబిస్తున్నారు. గంట అడుగు మీద పడదు, రెండు అడుగుల నడుమ పడుతుంది. ఆ ఖాళీ చెవికి తెలిస్తే చిన్న తరగతుల పిల్లల నడక ఇంకా నిలకడగా ఉంటుంది. ఈ నేలకు అది కొత్త కూడా కాదు. గంజాం జానపద కళ ఘంట మృదంగంలో తోలూ కంచూ కలిసే మోగుతాయి. సరిహద్దుకు ఇవతల, శ్రీకాకుళంలో తప్పెటగుళ్ల కళాకారులు రొమ్మున తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకునే ఆడతారు.

గంటను డ్రమ్ముకు బిగించే విషయంలో మాత్రం జాగ్రత్త నిజంగానే అవసరం. అంచు రింగుకే క్లాంపు వేస్తే ఒక పక్క బిగువు మారి శ్రుతి పోవచ్చు. డ్రమ్ము మీద దెబ్బ పడ్డప్పుడల్లా గంట దానంతటదే గలగలమంటుంది. అందుకే భుజాలకు తగిలించుకునే క్యారియర్‌కు రాడ్ వేసి, మధ్యలో రబ్బరు పెట్టి, గంటను డ్రమ్ము పైన చేతికందే చోట నిలపాలి. డ్రమ్ము కర్రకున్న మెత్తటి ఫెల్టు తలతో కొడితే కౌబెల్ సరిగ్గా పలకదు, కర్రను తిప్పి పిడి వైపుతో కొట్టాలి. డ్రమ్మే బరువు కాబట్టి గంట చిన్నదై ఉండాలి.

ఇప్పుడు నడుస్తున్న వాదనలో బిగింపు మాటే రావడం లేదు, నిషేధం గురించే అంతా మాట్లాడుతున్నారు. రిహార్సల్లో ఒకసారి గంటతో, ఒకసారి గంట లేకుండా పిల్లలను నడిపించి చూడమని బ్యాండువాళ్లు అడుగుతున్నారు. వరుస ఎక్కడ చెదిరిందో మాస్టార్లే చూసి చెప్పవచ్చు.