నడక వేగానికి మలచిన బండి

మట్టి దారుల్లోనూ రోడ్డు మీదా నడిచే పాత ట్రెయిల్ మోటార్‌సైకిల్‌నూ, కాలు కింద పెట్టకుండా రాళ్లూ వాగులూ దాటే పోటీలకు చేసిన అదే కాలపు ట్రయల్స్ మోటార్‌సైకిల్‌నూ పక్కపక్కన నిలిపితే రెండూ ఒక తల్లి బిడ్డల్లాగే కనిపిస్తాయి. ముందు పెద్ద చక్రం, వెనుక దానికంటే చిన్న చక్రం, ఎత్తైన మడ్‌గార్డులు, వెడల్పాటి హ్యాండిల్ రెండింటికీ ఉంటాయి. అందుకే లైట్లు, సీటు పీకేసి టైర్లు మారిస్తే ట్రయల్స్ బండి అయిపోతుందనుకుని చాలామంది పని మొదలుపెడతారు. అలా తయారైన బండి తేలికగానే ఉంటుంది గాని, రాళ్ల మధ్య మొదటి ఇరుకు మలుపులోనే నడిపేవాడి చేత కాలు కింద పెట్టిస్తుంది. ట్రెయిల్ బండిలోని ప్రతి కొలతనూ వేగంగా పోయేటప్పుడు నిలకడ కోసం నిర్ణయించి ఉంటారు. ట్రయల్స్ బండికి కావలసింది మనిషి నడిచే వేగంలో నిలకడ. మార్పులన్నీ ఈ ఒక్క తేడా నుంచే పుడతాయి.

ట్రయల్స్‌లో ఎవరు ముందు చేరారన్నది ముఖ్యం కాదు. రాళ్లు, వాగులు, బురద గట్ల మీద గుర్తులు పాతిన చిన్న చిన్న దారులను కాలు మోపకుండా దాటాలి. సాధారణ పద్ధతిలో ఒకసారి కాలు మోపితే 1, రెండుసార్లకు 2, అంతకు మించితే 3, పడిపోయినా హద్దు దాటినా 5 పాయింట్ల చొప్పున తప్పులు లెక్కిస్తారు. ఈ ఆటలో ఒకప్పుడు బ్రిటన్‌లో తయారైన బరువైన ఫోర్-స్ట్రోక్ బండ్లదే రాజ్యం. వాటిలో ఒకటైన ఏరియల్ మీద ఏళ్ల తరబడి గెలిచిన శామీ మిల్లర్, స్పెయిన్‌కు చెందిన బుల్టాకో సంస్థ కోసం 250 సీసీ టూ-స్ట్రోక్ బండిని తీర్చిదిద్ది, 1965లో దాని మీదే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ అనే పోటీ గెలవడంతో గాలి మళ్లింది. 1968లో యమహా డీటీ-1 వచ్చాక ట్రెయిల్ బండ్లు లోకమంతా అమ్ముడయ్యాయి. వెనుక రెండు షాక్ అబ్జార్బర్లు, గాలితో చల్లబడే ఇంజను, డ్రమ్ బ్రేకులు ఉన్న ఆ తరం బండ్లే ఈనాడు పాత బండ్లతో ఆడే క్లాసిక్ ట్రయల్స్‌కు ముడిసరుకు.

వేగంగా పోయే బండి ఒక వైపు వాలితే హ్యాండిల్ కూడా అటే కొద్దిగా తిరిగి, చక్రాలు మళ్లీ బరువు కిందికి వచ్చి చేరతాయి. వేగం తగ్గేకొద్దీ ఈ సాయం సన్నగిల్లుతుంది కాబట్టి, నడక వేగంలో హ్యాండిల్‌ను చాలా ఎక్కువగా, చాలా త్వరగా తిప్పవలసి వస్తుంది. ట్రెయిల్ బండిలో ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు నిట్టనిలువు నుంచి సుమారు 28 నుంచి 30 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ వాలుతో హ్యాండిల్‌ను బాగా తిప్పితే ముందుభాగం కిందికి దిగి, చక్రం తనంతట తానే లోపలికి పడిపోతుంది. ట్రయల్స్ బండికి 25 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే మేలు. దీనికోసం ఫోర్కు తిరిగే ఫ్రేము మెడ కోసి మళ్లీ అతికించేవారు ఉన్నారు గాని, ఆ పని ఆఖరి ఉపాయంగానే ఉండాలని నా అభిప్రాయం. వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) 1300 మి.మీ. ఉన్న బండిలో వెనుకభాగం ముందుభాగం కంటే 23 మి.మీ. లేస్తే కోణం ఒక డిగ్రీ తగ్గుతుంది. కొంచెం పొడవైన షాక్ అబ్జార్బర్లు వేసి, ఫోర్కు గొట్టాలను బిగింపుల్లోంచి కాస్త పైకి జరిపితే కోత లేకుండానే డిగ్రీన్నర వరకు సాధించవచ్చు.

అంతకంటే ముందు చేయవలసింది, చవకలో పోయేది ఫుట్‌రెస్టుల పని. ట్రయల్స్‌లో కూర్చోవడం ఉండదు కాబట్టి మనిషి బరువంతా బండి మీద పడేది వాటి దగ్గరే. 75 కిలోల మనిషి నిలబడే చోటును 50 మి.మీ. వెనక్కి జరిపితే 75ను 50తో హెచ్చించి 1300తో భాగించినంత, అంటే దాదాపు 3 కిలోల భారం ముందు టైరు నుంచి వెనుక టైరుకు మారుతుంది. చూడటానికి స్వల్పమే అయినా, తడి రాతి మీద జారడానికీ పట్టడానికీ మధ్య తేడా ఒక్కోసారి అంతే ఉంటుంది. కొంచెం కిందికి దించితే నడుము వంచకుండా నిలబడవచ్చు. మరీ దించితే రాళ్లకు కొట్టుకుంటాయి. పాత బ్రాకెట్లను కోసే ముందు అక్కడి రంగును గీకి చూడాలి. వెల్డింగు అంచు వెంట వెంట్రుకంత సన్నగా తుప్పు రంగు గీత కనిపిస్తే అది గీత కాదు, పగులు. దాన్ని బాగుచేయకుండా కొత్త బ్రాకెట్ అతికించకూడదు.

ఇంజనులో శక్తి పెంచాలన్న కోరిక సహజమే గాని ఇక్కడ అది పనికిరాదు. నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఫోర్-స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి చొప్పున సెకనుకు పదిసార్లే ఇంధనం మండుతుంది. రెండు మంటల నడుమ దాన్ని తిప్పేది దానితో పాటే తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్‌లో దాచిన శక్తే. ఆ శక్తి చుట్ల వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 6000 చుట్ల దగ్గర ఉన్న నిల్వలో 1200 దగ్గర మిగిలేది ఇరవై ఐదో వంతు మాత్రమే. అందుకే ట్రెయిల్ ఇంజను మెట్టు ఎక్కబోయే క్షణంలో టప్పున ఆగిపోతుంది. ఫ్లైవీల్ చుట్టూ ఉక్కు వలయం బిగిస్తే ఈ లోటు తీరుతుంది. అదే బరువును కేంద్రానికి రెట్టింపు దూరంలో పెడితే ఫలితం నాలుగు రెట్లు కాబట్టి, బరువు అంచులో ఉండటమే ముఖ్యం. అయితే ఆ వలయం సరిగ్గా తూకం కుదరకపోయినా, వదులైనా ప్రమాదమే. లేత్ మీద చేయి తిరిగినవారికే ఈ పని అప్పగించాలి.

గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ చిన్నదైతే మేలని చెబితే కొందరు నమ్మరు. 24 మి.మీ. గొంతుకు బదులు 20 మి.మీ. గొంతు వేస్తే, అంతే గాలి దాదాపు 44 శాతం ఎక్కువ వేగంతో దూరి, తక్కువ చుట్లలోనూ పెట్రోలును చక్కగా తుంపరగా మారుస్తుంది. గేర్ల సంగతి సులువు. ముందు 14, వెనుక 48 పళ్లున్న చెయిన్ స్ప్రాకెట్ల బదులు 12, 54 వేస్తే బండి 31 శాతం తగ్గు గేరులోకి వస్తుంది. అదే ఇంజను వేగానికి గంటకు ఆరున్నర కిలోమీటర్లు పోయేది ఐదు కిలోమీటర్లకు దిగుతుంది. బరువు తగ్గింపు గురించి ఎంత తక్కువ చెప్పినా సరిపోతుంది: హ్యాండిల్‌తో పాటు తిరిగే లైటు, మీటర్లు ముందు తీసేయాలి, ఆ తర్వాతే మిగతావి.

చివరిగా టైర్లు. మెత్తని రబ్బరు, వంగే పక్కగోడలు ఉన్న ట్రయల్స్ టైరులో వెనుక 4 నుంచి 5 పీఎస్ఐ గాలి మాత్రమే ఉంచుతారు. 20 పీఎస్ఐ నుంచి 5కు దించితే నేలను తాకే వైశాల్యం లెక్క ప్రకారం నాలుగు రెట్లవుతుంది. పక్కగోడలు కొంత భారం మోస్తాయి కాబట్టి నిజంలో కాస్త తక్కువ. అంత తక్కువ గాలితో టైరు రిమ్ము మీద మెల్లగా జరుగుతుంది, దానితో పాటే ట్యూబూ జరుగుతుంది. రిమ్ములో టైరును అదిమిపట్టే బిగింపు లేని బండిలో, నిటారుగా ఉండవలసిన వాల్వు మొదటి పూట సాయంత్రానికే తన రంధ్రంలో పక్కకు వాలి ఉంటుంది. అప్పుడే గాలి తీసి, టైరును వెనక్కి జరిపి, ఆ బిగింపు వేయకపోతే మర్నాడు వాల్వు మొదలంటా తెగిపోతుంది.